తిరిగి వచ్చిన బూర - తిరిగి రాని గొంతులు

మా కరీంనగర్‌లో పెండ్లిళ్ళ కాలం వచ్చిందంటే రాత్రి పదకొండింటికి కూడా బరాత్‌ల చప్పుడు ఆగదు. కిటికీ మూసినా బ్యాండు వాళ్ళ ట్రంపెట్ ఇంట్లోకి వచ్చేస్తుంది. అట్లాంటి ఒక రాత్రి నేను చెవులకు హెడ్‌ఫోన్స్ పెట్టుకుని మైల్స్ డేవిస్‌ని వింటున్నాను. చెవిలో ఒక ట్రంపెట్, వీధిలో ఒక ట్రంపెట్. లేచి కిటికీ దగ్గరికి వెళ్ళాను. వాయించేవాళ్ళంతా మగవాళ్ళే. వాళ్ళకు అటూ ఇటూ నెత్తిమీద లైట్లు మోస్తూ ఇద్దరు ఆడవాళ్ళు నడుస్తున్నారు. వెలుగు వాయించేవాళ్ళ మీద పడుతోంది. మోసేవాళ్ళ ముఖాలు మాత్రం చీకట్లోనే ఉన్నాయి.

నేను వింటున్న రికార్డు పేరు 'ద మ్యాన్ విత్ ద హార్న్'. బూర పట్టిన మనిషి అని చెప్పుకోవచ్చు. 1981లో వచ్చింది. 1975లో మైల్స్ వాయించడం ఆపేసి న్యూయార్క్‌లోని తన ఇంట్లో తలుపులు వేసుకున్నాడు. తుంటి నొప్పి, మందు, కొకైన్. నాలుగేళ్ళకు పైగా ట్రంపెట్ ముట్టుకోలేదని 1989లో అచ్చయిన ఆత్మకథలో తనే చెప్పాడు. యాభయ్యయిదేళ్ళ వయసులో మళ్ళీ బయటికొస్తూ చేసిన రికార్డు ఇది. జాజ్ చరిత్రకారులు ఈ మధ్య కాలాన్ని మైల్స్ 'మౌనం' అని గౌరవంగా పిలుస్తారు.

నా చదువు సాహిత్యం, సంగీతం కాదు. అయినా వినగా వినగా తెలిసిందేమిటంటే, ఇది గొప్ప రికార్డు కాదు. నిజాయితీ మాత్రం ఉంది. చాలాకాలం వాడని పెదవులకు పట్టు ఇంకా పూర్తిగా రాలేదు. స్వరాలు పొట్టిగా, ఊపిరి చూసుకుంటూ వస్తాయి. 'ఫ్యాట్ టైమ్'లో మైక్ స్టెర్న్ గిటార్, మార్కస్ మిల్లర్ బాస్, అల్ ఫాస్టర్ డ్రమ్స్ కలిసి నేల గట్టిగా పరిస్తే, దానిమీద మైల్స్ కాలు జారకుండా అడుగులు వేసుకుంటూ నడుస్తాడు. ఆ జాగ్రత్తే నాకు నచ్చింది. రోగం నుంచి లేచిన మనిషి వాకిట్లోకి నడిచినట్టు ఉంటుంది. రికార్డు పేరే పెట్టుకున్న పాట దగ్గరికొచ్చేసరికి ఆ జాగ్రత్త మాయమవుతుంది. ర్యాండీ హాల్ అనే యువకుడు బూర పట్టిన మనిషి గొప్పతనాన్ని పొగుడుతూ పాడతాడు. ఆ మనిషి పక్కనే వాయిస్తూ ఉంటాడు. తన కీర్తనకు తానే తాళం వేసుకున్నట్టుంది.

రికార్డులో ఉన్నవి ఆరు. వాటిలో మూడింటికి ఆడవాళ్ళ పేర్లున్నాయి: 'బ్యాక్ సీట్ బెట్టీ', 'ఐడా', 'ఉర్సులా'. వాద్యాలు వాయించినవాళ్ళు అందరూ మగవాళ్ళే. పేరు ఆడవాళ్ళది, చోటు మగవాళ్ళది అన్నమాట. ఇది ఈ రికార్డుతో మొదలైంది కాదు. 1961 నాటి 'సమ్‌డే మై ప్రిన్స్ విల్ కమ్' అట్టమీద ఉన్నది ఆయన భార్య ఫ్రాన్సిస్ టేలర్. ఆమె నర్తకి. బ్రాడ్‌వేలో 'వెస్ట్ సైడ్ స్టోరీ' తొలి బృందంలో నటిస్తుండగా మైల్స్ మాన్పించాడు. వేదిక మీద నుంచి తీసి, అట్టమీద పెట్టాడు. 'సోర్సరర్' అట్టమీద ఉన్నది నటి సిసిలీ టైసన్ ముఖం. 'ఫీ ద కిలిమంజారో' అట్టమీద బెట్టీ మాబ్రీ. తర్వాత ఆమె బెట్టీ డేవిస్ అయింది.

'బ్యాక్ సీట్ బెట్టీ' అన్న పేరు వినగానే ఆమే గుర్తుకొస్తుంది. జిమీ హెండ్రిక్స్ సంగీతాన్ని మైల్స్‌కు దగ్గర చేసింది ఆమె. ఏడాదిలో ఆ పెళ్ళి ముగిసింది. 1973 నుంచి 1975 దాకా మూడు రికార్డులు సొంతంగా చేసింది. పాటలు తనే రాసుకుంది, ఆడదాని కోరికను దాపరికం లేకుండా పాడింది. 1976లో చేసిన నాలుగోదాన్ని కంపెనీ విడుదల చేయలేదు. అది 2009లో బయటికొచ్చింది. ముప్పయి మూడేళ్ళు! మైల్స్ ఆగిపోయిన ఆ దశకంలోనే బెట్టీ కూడా ఆగిపోయింది. ఆయన తిరిగి వచ్చాడు, ఆమె పేరు ఆయన రికార్డులో వెనక సీట్లో కూర్చుంది. 2022లో ఆమె చనిపోయేనాటికి వేదికకు దూరమై నలభై ఏళ్ళు దాటింది.

మరి ఆయన ఎట్లా తిరిగి రాగలిగాడు? కొలంబియా కంపెనీ తరఫున జార్జ్ బట్లర్ వెంటపడ్డాడు. మేనల్లుడు విన్సెంట్ విల్బర్న్ డ్రమ్స్‌తో వచ్చాడు. రోజువారీ పని మాత్రం సిసిలీ టైసన్ చేసింది. అప్పటికే ఆమె పేరున్న నటి. ఆయన తిండి మార్చింది, మత్తుకు దూరం చేయడానికి పెనుగులాడింది. 1981 నవంబరులో పెళ్ళి చేసుకున్నారు. కొద్ది నెలలకే పక్షవాతంతో ఆయన కుడిచేయి పడిపోతే వైద్యం దగ్గర నిలబడిందీ ఆమే. అదే చేత్తో ఆమెను కొట్టాడు కూడా. ఆడవాళ్ళను కొట్టిన సంగతి ఆత్మకథలో ఆయన దాచలేదు, పెద్దగా పశ్చాత్తాపపడనూ లేదు. 1990లో పర్ల్ క్లీజ్ 'మ్యాడ్ ఎట్ మైల్స్' రాసి, ఈ సంగతి తెలిశాక ఈ సంగీతాన్ని ఎట్లా వింటామని నల్లజాతి స్త్రీల తరఫున నిలదీసింది.

నేను ఆ ప్రశ్నకు ఇంకొకటి కలుపుతాను. తిరిగి రావడం ఎవరికి దొరుకుతుంది?

1957లో క్లోరా బ్రయంట్ అనే ట్రంపెట్ కళాకారిణి ఒక రికార్డు చేసింది. పేరు 'గాల్ విత్ ఎ హార్న్', అంటే బూర పట్టిన పిల్ల. మైల్స్ రికార్డు పేరుకు ఇరవై నాలుగేళ్ళ ముందే! ట్రంపెట్ వాయిస్తూ, పాటలు కూడా పాడింది. నలుగురు పిల్లల్ని పెంచింది. సోవియట్ యూనియన్ దాకా వెళ్ళి కచేరీ చేసింది. 2019లో చనిపోయింది. తన పేరు మీద వచ్చిన రికార్డు అదొక్కటే. రెండో రికార్డే లేనప్పుడు 'తిరిగి వచ్చిన రికార్డు' అనే మాట ఎక్కడిది?

ఇంత దూరం పోనక్కర లేదు. 1943లో 'భాగ్యలక్ష్మి' సినిమాలో కమలా కోట్నీస్‌కు పాడిన రావు బాలసరస్వతీదేవి తెలుగులో తొలి నేపథ్య గాయని. మరుసటి ఏడు కోలంక రాజాతో పెళ్ళి. మొదట నటన పోయింది, ఆ తర్వాత సినిమా పాట పోయింది. చాలా ఏళ్ళకు 'సంఘం చెక్కిన శిల్పాలు'లో ఆ గొంతు మళ్ళీ వినిపించింది. 2025 అక్టోబరులో తొంభై ఏడేళ్ళ వయసులో వెళ్ళిపోయారు. నివాళుల్లో 'తొలి' అన్న మాటే ఎక్కువ కనిపించింది. ఆమె ఆగిపోయిన సంవత్సరాలను ఎవరైనా 'మౌనం' అని గౌరవంగా పిలిచి, ఆ మౌనం గురించి ఒక పుస్తకం రాస్తారా?

ఈ ప్రశ్న నాకు ఊరికే రాలేదు. పీహెచ్‌డీ పట్టా చేతికొచ్చిన ఏడాదికే బిడ్డ పుట్టింది. తర్వాత అత్తమ్మ మంచాన పడింది. ఐదేళ్ళు ఒక్క వ్యాసం రాయలేదు. మళ్ళీ ఉద్యోగానికి వెళితే ఇంటర్వ్యూలో ఒక పెద్దమనిషి నా బయోడేటా మీద వేలు పెట్టి అడిగాడు: "ఈ ఐదేండ్లు ఖాళీగనే ఉన్నారా అమ్మా?" నేను అవునన్నాను. ఆ 'అవును' ఇప్పటికీ గొంతులో ముల్లులా ఉంది. మైల్స్ ఆగితే మౌనం, నేను ఆగితే ఖాళీ. ఆయన మౌనం ఆయన కథకు లోతు తెచ్చింది. నా ఖాళీ నా అర్హతకు మచ్చయింది.

మైల్స్‌ని వినడం మానేయమని నేను అనను. నేనూ మానలేదు. 'ఫ్యాట్ టైమ్' ఇప్పటికీ వింటాను, ఆ తడబడే ఊపిరి నాకు ఇష్టం. అయితే ఒక మనిషి తిరిగి రావడాన్ని ఒక్కడి విజయంగా వినడం మానేశాను. ఆ ఊపిరిలో ఎవరు వండిన కూర ఉందో, ఎవరు మానుకున్న నాట్యం ఉందో కూడా విమర్శ రాయాలి. రికార్డు అట్టమీద ముఖం ఉంటే చాలదు, లెక్కలో పనీ ఉండాలి.

మొన్న బయోడేటా తీసి దిద్దాను. ఆ ఐదేళ్ళకు ఎదురుగా 'ఒక పసిబిడ్డ, ఒక రోగి - పూర్తికాలం సంరక్షణ' అని రాశాను. వచ్చే నెల ఇంకో ఇంటర్వ్యూ ఉంది. ఈసారి ఎవరైనా ఆ గీత మీద వేలు పెడితే, ఖాళీ అని మాత్రం చెప్పను.