టెలీపతీకి వేసిన పునాది

అన్నము తినుచుండగా పొలమారినచో ‘ఎవరో తలచుకొనుచున్నారు’ అందురు. ఈ నమ్మకమువంటిదానినే శాస్త్రముగా నిలుపజూచిన గ్రంథము 1886లో లండనులో వెలువడినది. ‘ఫాంటాజమ్స్ ఆఫ్ ది లివింగ్’ అను ఆ రెండు సంపుటముల కర్తలు గర్నీ, మయర్స్, పాడ్‌మోర్ అను మువ్వురు. టెలీపతీ అను పేరును ‘దూరము’, ‘అనుభూతి’ అను అర్థములు గల గ్రీకు పదములనుండి 1882లో కల్పించినవాడు ఈ మయర్సే. ఇంద్రియముల సహాయము లేకయే ఒకరి మనస్సునందలి భావము మరియొకరికి చేరుట అని దాని అర్థము. తీగవెంట వార్తలు సముద్రములు దాటుచున్న కాలమది. తీగ లేకుండ తలపు ఏల పోరాదని పలువురికి తోచుటలో వింత లేదు.

గ్రంథమున 702 సంఘటనలు కలవు. దూరమున ఆప్తుడు మరణించు వేళకు ఇచ్చట అతని రూపము కనబడెననునవే వీనిలో ముఖ్యమైనవి. సాక్షులకు జాబులు వ్రాసి, తేదీలు సరిచూచిన గర్నీ శ్రమ మెచ్చదగినదే. కాని సాక్షి సత్యవంతుడైనంతమాత్రమున జ్ఞాపకము సత్యమగునా? 1884లో గర్నీ, మయర్స్ ఒక పత్రికలో ప్రకటించిన హార్న్‌బీ కథ దీనికి తార్కాణము. షాంగైలో న్యాయాధిపతిగా నుండిన హార్న్‌బీ పడకగదికి ఒక రాత్రి పత్రికాసంపాదకుడు వచ్చి తీర్పు సారాంశము వ్రాసికొని పోయెనట. సరిగా ఆ వేళకే అతడు తన యింట మరణించెనట, భార్యయు సాక్షియట! విచారింపగా సంపాదకుడు మరణించినది ఉదయమున. ఆనాటికి హార్న్‌బీ ఆ భార్యను వివాహమాడనే లేదు. న్యాయాధిపతి అబద్ధమాడలేదు. ఏండ్లు గడచినకొలది కథ ఆయన మనస్సులోనే చక్కబడినది.

ఇక లెక్క. పొలమారిన నాడే జాబు వచ్చినచో జ్ఞాపకముండును. రాని దినములను ఎవరును వ్రాసిపెట్టరు. గర్నీ ఈ చిక్కును ఎరుగకపోలేదు. ఇట్టి భ్రాంతులు ఎందరికి కలుగునో తెలియుటకు 5,705 మందిని ప్రశ్నించెను. కాని సంఘటనలు పత్రికాప్రకటనల మూలమున ఎందరెందరినుండియో వచ్చినవి. ఆ జనసంఖ్య కేవలము అంచనాయే. అమెరికను తార్కికుడు చార్లెస్ పర్స్ 1887లో 31 సంఘటనలను పరీక్షించి, గర్నీ తాను విధించుకొన్న నియమములకే అవి నిలువవని వాదించెను. పర్స్ విమర్శలోను పొరపాట్లు లేకపోలేదు. గర్నీ వానిని పట్టి చూపెను. అయినను అంచనాపై కట్టిన సంభావ్యత బలహీనమైనదేయను ఆక్షేపణ తొలగలేదు.

అన్నిటికంటె పెద్ద దెబ్బ ప్రయోగములకు తగిలినది. పేకముక్కలు చూడకయే చెప్పిరని కొనియాడబడిన క్రీరీ సోదరీమణులు 1887లో సంజ్ఞలు చేసికొనుచు పట్టుబడిరి. ఆ సంగతిని దాచక ప్రకటించినవాడు గర్నీయే. దూరమున గీచిన బొమ్మను గ్రహించి మరల గీచుటలో స్మిత్తునకు జోడీగానుండిన బ్లాక్‌బర్న్, అదంతయు తామిరువురు పన్నిన మోసమని 1911లో పత్రికలో వివరముగా వ్రాసెను. స్మిత్తు కాదనెను. అప్పటికి గ్రంథకర్తలు మువ్వురును గతించియుండిరి.