కూర్బే వేటచిత్రము: ఒక పరిశీలనము

ఫ్రెంచి చిత్రకారుడు గుస్తావ్ కూర్బే (1819–1877) తన 'లా క్యురే' యను చిత్రమును 1857 నాటి పారిస్ సలోన్ ప్రదర్శనమున నుంచెను. వేట ముగిసిన పిమ్మట మృగమునుండి జాగిలములకు పంచియిచ్చు పాలు అని ఆ పేరున కర్థము. కాని చిత్రమున ఆ పంపకమే లేదు. జూరా యడవిలో చెట్టునకు తలక్రిందుగా వ్రేలాడదీసిన లేడి. నీడలో చేతులు కట్టుకొని మ్రానికి జేరగిలబడిన వేటకాడు. కూర్చుండి కొమ్మూదు యువకుడు. ముందు రెండు జాగిలములు. ఇంతియే.

బోస్టన్ లలితకళా సంగ్రహాలయమున నున్న ఈ పటము, పెక్కు గుడ్డముక్కలను జోడించి పెంచినది. కావున భాగములకు పొందిక కుదరలేదని ఆక్షేపింపవచ్చును. వేటకాడు తన తలపులలో మునిగియున్నాడు. కొమ్మూదువానికి తన నాదమే లోకము. ఒకరితో నొకరికి పనిలేదు. మేము దీనిని దోషముగా నెంచము. చంపుటకు కూడినవారు చంపిన పిమ్మట ఒంటరులగుదురు. ఆ యెడమునే ఈ పొందికలేమి పట్టి చూపుచున్నది. వేటకాని రూపము కూర్బేదేయని విమర్శకులు గుర్తించిరి. అది తెలిసిన పిమ్మట ఆ మౌనము మరింత బరువెక్కును.

వేటచిత్రమున వీరమును వెదకువారికి ఇచ్చట లభించునది కరుణము. దానికి ఆలంబనము లేడి. ఉద్దీపనము నీడలు క్రమ్మిన యడవి. పేరులోని పాలు మాత్రము ఇంకను పంచబడలేదు. పంచబడి యున్నచో ఇది వేడుకచిత్రమై యుండెడిది.