బొమ్మలో పడక

ఆకలి రుచెరగదు, నిద్ర సుఖమెరగదు అన్నారు పెద్దలు. నిద్ర ముంచుకొచ్చినవాడికి గోడలు ఏ రంగైతేనేం? అయినా 2016లో అమెరికాలోని చికాగో నగరంలో ఒక గదిలో పడుకోడానికి జనం ఎగబడ్డారు. అద్దె రాత్రికి 10 డాలర్లు. ఆ మహానగరంలో ఊరికే ఇచ్చినట్టే లెండి!

ఏమిటయ్యా ఆ గది గొప్ప అంటే, వాన్ గో వేసిన ‘పడకగది’ బొమ్మని అచ్చంగా గదిగా కట్టేశారు. ఆ బొమ్మను ఆయన మూడుసార్లు వేశాడు. మూడింటినీ ఒకచోట చేర్చి చికాగో ఆర్ట్ ఇన్‌స్టిట్యూట్ ప్రదర్శన పెట్టింది. దానికి ప్రచారంగా ఈ గది. పసుప్పచ్చ మంచం, ఎర్రదుప్పటి, రెండు కుర్చీలు, గోడన పటాలు అన్నీ దించారు. కుంచె గీతల్ని కూడా వదల్లేదు. నేను చూసింది ఫొటోలే అయినా, పనితనానికి వంక పెట్టలేను.

నా పేచీ వేరే. వాన్ గో 1888లో ఫ్రాన్సులోని ఆర్ల్ ఊళ్లో నాలుగు గదులు అద్దెకి తీసుకున్నాడు. ఊళ్లు పట్టుకు తిరిగిన మనిషికి అదే సొంత గూడు. మిత్రుడు గోగాఁ వచ్చి తనతో ఉంటాడని ఎదురుచూస్తూ, అక్టోబరులో మొదటి బొమ్మ వేశాడు. దాన్ని చూస్తే మనసుకి విశ్రాంతి కలగాలన్నదే తన ఉద్దేశమని తమ్ముడు థియోకి ఉత్తరం రాశాడు. గోడలు లేత ఊదా అని కూడా రాశాడు. ఊదాలోని ఎరుపు కాలక్రమాన వెలిసిపోయి ఇవాళ మనకి నీలమే కనిపిస్తోంది. చికాగో గదికి పూసింది ఆ నీలమే! అంటే వాళ్లు కట్టింది వాన్ గో చూసిన గది కాదు, కాలం మిగిల్చిన గది. పైగా గోడమీద ప్రతి గీతా ‘నన్ను చూడు’ అంటూంటే కన్ను మూతపడేదెలా? బొమ్మలో విశ్రాంతి, గదిలో వినోదం అయింది.

ఇంకో సంగతి. చికాగోలో ఉన్న బొమ్మ రెండోది. మొదటిది తడికి దెబ్బతింటే, తమ్ముడి సలహామీద 1889 సెప్టెంబరులో మళ్లీ వేశాడు. ఎక్కడ? మానసిక చికిత్సాలయంలో! అప్పటికి గోగాఁ రెండునెలలుండి వెళ్లిపోయాడు, ఆర్ల్ కాపురం చెదిరిపోయింది. అయినా బొమ్మలో దిళ్లు రెండే, కుర్చీలు రెండే. ఆ ఎదురుచూపుని ఏ వడ్రంగి దించగలడు చెప్పండి?

అసలు ఇల్లు 1944లో బాంబులకి కూలిపోయింది. చికాగో గదీ కొన్నాళ్ల ముచ్చటే. కానీ నిజం ఒప్పుకోవాలి. ఒక్కదాంట్లో నకలు అసలుని మించింది. వాన్ గో ఎంతో ఆశగా వేసుకున్న ఆ రెండో కుర్చీలో కూచోడానికి, ఎవరో ఒకరు వచ్చారు.