శ్రుతి చెప్పండి, తీగ చెబుతాను

ఫిడేలు నేర్పేవాళ్లను తల్లిదండ్రులు అడిగే ప్రశ్నల్లో మొదటిది "మావాడికి స్వరజ్ఞానం ఉందంటారా మాస్టారూ?" అని. రెండోది తీగల గురించి. "తీగలు మార్చాలన్నారు కదా, ఫోన్లో చూస్తే మూడు వందల నుంచి పది వేల దాకా ఉన్నాయి. ఏవి తెప్పించమంటారు?" అని అడుగుతారు. ఈ రెండు ప్రశ్నలకూ సంబంధం ఉందని వాళ్లకు తోచదు. నాకు మాత్రం మొదటి ప్రశ్నకు జవాబు చాలాసార్లు రెండోదానిలోనే దొరుకుతుంది. అపస్వరం పలుకుతోందని పిల్లను కోప్పడే ముందు ఆ ఫిడేలు మీద తీగలు ఎన్నాళ్ల నాటివో కనుక్కోవాలి.

సరళీ స్వరాలు మాయామాళవగౌళలో ఎందుకు మొదలుపెడతారో ఫిడేలు పట్టుకున్నవాళ్లకు చెయ్యే చెబుతుంది. ఆ రాగంలో స రి గ మ, ప ద ని స రెండు సగాలూ ఒకే ఎడంతో నడుస్తాయి. షడ్జమం తీగ మీద రిషభానికి వేలు ఎక్కడ పడిందో, పక్కనున్న పంచమం తీగ మీద ధైవతానికీ అక్కడే పడుతుంది. గాంధారం చోటే నిషాదం. ఒక తీగ మీద వేళ్లు నేర్చుకున్న పాఠం రెండో తీగ మీద ఉచితంగా వచ్చేస్తుంది. తీగలు రెండూ ఆరోగ్యంగా ఉంటేనే ఈ లెక్క నిలుస్తుంది. ఒకటి అరిగిపోయి ఇంకొకటి కొత్తగా ఉంటే వేలు సరైన చోటే పడుతుంది, ధైవతం మాత్రం పక్కకు పోతుంది. పిల్ల చెవి మంచిదైతే వేలు జరిపి సర్దుకుంటుంది. అంటే తప్పు చోటును సాధన చేస్తుంది. రేపు కొత్త తీగలు కట్టాక ఆ అలవాటు మాన్పించడానికి నెలలు పడుతుంది.

ఈమధ్య ఒక అమ్మాయి మోహనం వాయిస్తుంటే గాంధారం ప్రతిసారీ నలుసంత తేడాగా పలుకుతోంది. ఫిడేలు నా చేతిలోకి తీసుకుని రెండో తీగను కిటికీ వెలుగులో చూశాను. తీగ మీద చుట్టిన సన్నటి అల్యూమినియం రేకు, చూపుడువేలు పడే చోట నల్లబడి గరుకుగా ఉంది. గోరుతో మెల్లగా గీస్తే చుట్టు విడిపోతున్న సంగతి తగిలింది. తర్వాత తీగకు సరిగ్గా సగం దగ్గర, మెడ చివరి నట్‌కూ బ్రిడ్జికీ నడిమధ్య, వేలు నొక్కకుండా ఊరికే ఆనించి కమాను లాగాను. పై షడ్జమం పలికింది. అక్కడే వేలు గట్టిగా నొక్కి లాగాను. మంచి తీగైతే రెండూ దాదాపు ఒకటే పలకాలి. ఈ తీగ మీద చెవికి స్పష్టంగా తెలిసేంత ఎడం వచ్చింది. తీగ నిడివి పొడవునా బరువు సమానంగా లేకపోతే జరిగేది ఇదే. ఒకచోట చుట్టు అరుగుతుంది, ఇంకోచోట చెమట, మడ్డి పేరుకుంటాయి. అలాంటి తీగ మీద ఏ విద్వాంసుడూ శ్రుతిశుద్ధంగా వాయించలేడు. ఆ మాట అమ్మాయికి చెప్పగానే మొహం తేటపడింది. ఆర్నెల్లుగా తన చెవే మంచిది కాదనుకుంటోందట.

కాబట్టి చవక తీగ అంటే ఏమిటో ముందు తేల్చుకోవాలి. పేరూ ఊరూ లేని సెట్టు రెండు మూడు వందలకు దొరుకుతుంది. కొత్తగా ఉన్నప్పుడే అందులో సగం తీగలు పైన చెప్పిన పరీక్షలో తప్పుతాయి. అవి కొనకండని కచ్చితంగా చెబుతాను. అలాగని పది వేల సెట్టు కొనమనీ చెప్పను. మన శ్రుతికి ఆ పది వేలలో చాలా భాగం వృథా.

ఎందుకు వృథాయో చెబుతాను. ముత్తుస్వామి దీక్షితుల తమ్ముడు బాలుస్వామి దీక్షితుల కాలం నుంచీ ఈ వాద్యాన్ని మనం మనదిగా చేసుకున్నాం. కింద కూర్చుని, ఒక కొన గుండెకూ ఇంకో కొన చీలమండకూ ఆనించి పట్టుకున్నాం. జి, డి, ఎ, ఇ అనే శ్రుతులు వదిలేసి స, ప, స, ప అని కట్టుకున్నాం. విజయనగరం మహారాజా సంగీత కళాశాలలో ద్వారం వెంకటస్వామి నాయుడుగారు ఆచార్యులుగా ఉన్ననాటికి తెలుగునాట ఫిడేలు పరాయి వాద్యమన్న మాటే లేదు. తీగలు మాత్రం ఇప్పటికీ వియన్నా, జర్మనీ, అమెరికాల్లో అక్కడి శ్రుతుల కోసమే తయారవుతున్నాయి. ఎ తీగ సెకనుకు 440 సార్లు కంపించడానికి, ఇ తీగ సుమారు 659 సార్లు కంపించడానికి లెక్కవేసి చేస్తారు. మనం వాటిని దించి కట్టుకుంటాం.

ఎంత దించుతామన్నదే అసలు సంగతి. ఆడపిల్ల పాటకు అయిదు శ్రుతి అనుకుందాం. కింది రెండు తీగలూ దించక్కర్లేదు. జి అంటే అయిదు శ్రుతి షడ్జమమే, డి దాని పంచమమే. పై రెండు తీగలు తలా రెండు స్వరస్థానాలు దిగుతాయి. తీగ మీది బిగువు కంపన సంఖ్య వర్గాన్ని బట్టి మారుతుంది గనక, అక్కడ బిగువు అయిదింట నాలుగు వంతులకు తగ్గుతుంది. ఇబ్బంది లేదు. మామూలు మీడియం తీగలు హాయిగా పలుకుతాయి. అదే రెండున్నర శ్రుతికి కడితే కింది తీగలు నాలుగేసి, పై తీగలు ఆరేసి స్వరస్థానాలు దిగుతాయి. ఆరు దిగితే బిగువు సరిగ్గా సగం. మగ గొంతుకు ఒకటిన్నర శ్రుతి కట్టామంటే పై రెండు తీగలు ఎనిమిదేసి స్వరస్థానాలు దిగి, తయారుచేసినవాడు అనుకున్న బిగువులో నూటికి నలభై వంతులే మిగులుతుంది.

అలా వదులైన తీగ కమాను గట్టిగా పడగానే పై శ్రుతికి ఎగిరి, మళ్లీ కిందికి జారుతుంది. కంపితం వేస్తే అదుపు తప్పుతుంది. నాదం గుల్లగా ఉంటుంది. ఎంత ఖరీదైన తీగైనా అంతే. సమీక్షల్లో చదివిన ఆ వెలుగు, ఆ మార్దవం అన్నీ అసలు బిగువులో వినిపించేవి. అందుకే నన్నెవరైనా తీగల గురించి అడిగితే, ఏ శ్రుతికి వాయిస్తారో ముందు చెప్పమంటాను.

ఒకటిన్నర, రెండు శ్రుతులకు వాయించేవాళ్లకు నేను చెప్పే కట్టుబడి వేరు. ఇ తీగ జోలికే పోవద్దు. మొదటి స్థానంలో ఎ తీగ కట్టండి. ఒకటిన్నర శ్రుతి పంచమానికి అది ఒక్క స్వరస్థానం దిగితే చాలు. రెండో స్థానంలో డి, అదీ ఒక్కటే దిగుతుంది. మూడో స్థానంలో జి, ఇది ఒక్క స్వరస్థానం ఎక్కుతుంది. ఆ మాత్రం బిగువు తీగ తట్టుకుంటుంది. నాలుగో స్థానంలో ఇంకో జి, వీలైతే లావు రకం, ఆరు స్వరస్థానాలు దించి. అది కాస్త వదులుగానే ఉంటుంది. అయినా మంద్ర షడ్జమం మీద మనం గడిపేది తక్కువ. లావు తీగలకు నట్ మీదా బ్రిడ్జి మీదా గాడులు ఇరుకైతే రిపేరు చేసేవాళ్ల చేత కొద్దిగా వెడల్పు చేయించాలి. ఆ పని ఇంట్లో చెయ్యొద్దు. గాడి లోతైతే తీగ మెడకు తగిలి జుయ్‌మంటుంది. ఈ మార్పుతో మామూలు స్టీలు తీగలే ఎంత నిండుగా పలుకుతాయో వింటే ఖరీదైన సెట్టు మీద మోజు తగ్గుతుంది.

ఇక రకాలు. ఒకప్పుడు ఫిడేలు తీగలంటే గొర్రె పేగులతో చేసినవే. మొదటి ప్రపంచ యుద్ధం నాటి నుంచి పై తీగ స్టీలుదైపోయింది. 1970లో వియన్నాలోని థొమాస్టిక్ ఇన్‌ఫెల్డ్ కంపెనీ నైలాన్ జాతి పోగును నడుమ పెట్టి, పైన లోహం చుట్టి డామినెంట్ అనే తీగలు తెచ్చింది. పేగు తీగ మెత్తదనం ఉంటూనే వాతావరణానికి అంతగా చలించకపోవడంతో అవి ప్రపంచమంతా పాకాయి. మన కచేరీ విద్వాంసుల్లోనూ చాలామంది వాటికి అలవాటుపడ్డారు. సెట్టు ఆరేడు వేల రూపాయలు పలుకుతుంది. జర్మనీ కంపెనీ పిరాస్ట్రో చేసే టోనికా కూడా ఆ కోవదే, ధర కాస్త దిగువ.

స్టీలు నడుము ఉన్నవి ఇంకో జాతి. డిఅడారియో వాళ్ల ప్రెల్యూడ్, సూపర్ సెన్సిటివ్ రెడ్ లేబుల్ ఇందులోవే. రెండు వేల రూపాయల చుట్టుపక్కల దొరుకుతాయి. నాదంలో కొంచెం పదును ఎక్కువ. కానీ కట్టిన రోజే శ్రుతిలో నిలబడతాయి, బందరు ఉప్పుగాలిలోనూ విశాఖ ఉక్కపోతలోనూ పెద్దగా చలించవు. పోగు తీగలు సాగి కుదురుకోవడానికి కొన్ని రోజులు పడుతుంది. ఆ రోజుల్లో తొమ్మిదేళ్ల పిల్ల నిమిష నిమిషానికి బిరడా తిప్పుతూ కూర్చోలేదు. అందుకని వర్ణాల దాకా వచ్చేవరకూ ప్రెల్యూడ్ జాతి తీగలే మంచివని నా నిశ్చితాభిప్రాయం. టెయిల్‌పీస్ మీద నాలుగు తీగలకూ ఫైన్ ట్యూనర్లు ఉండాలి, అంతే. స్టీలు తీగను బిరడాతో సన్నగా శ్రుతి చెయ్యడం పెద్దవాళ్లకే కష్టం. కృతులు పట్టి, గమకం మీద చెయ్యి తిరిగి, ఫిడేలు కూడా మంచిదైనప్పుడు టోనికాకో డామినెంట్‌కో వెళ్లండి. ఫ్యాక్టరీ ప్లైవుడ్ ఫిడేలుకు డామినెంట్ కట్టడం డబ్బు పారబొయ్యడమే. అంత డబ్బుంటే ముందు బ్రిడ్జి సరిగ్గా చెక్కించండి.

చిన్నపిల్లల ఫిడేలుకు దాని కొలత తీగలే కొనాలి. ముప్పావు ఫిడేలుకు నిండు కొలత తీగ కడితే, నిడివి తగ్గినందువల్ల అదే శ్రుతిలో వదులవుతుంది.  ఇది అక్కకు మిగిలిన తీగ తమ్ముడికి వాడే ఇళ్లలో ఎక్కువ చూస్తాను.

ఖర్చు నిజంగా ఆదా అయ్యేది సెట్టు కొనకపోవడంలో. నాలుగు తీగలూ ఒకేలా అరగవు. మన సంగీతంలో చెయ్యి ఎక్కువగా ఉండేది పై రెండు తీగల మీద. అందులోనూ రెండో తీగ, మధ్య షడ్జమం తీగ, అన్నిటికంటే ముందు పోతుంది. రోజూ గంట సాధన చేసే చేతికి ఆరేడు నెలలకు దాని నాదం మొద్దుబారుతుంది. నాలుగో తీగ ఏడాదిన్నర దాటినా ఢోకా ఉండదు. విడి తీగలు అమ్ముతారు. రెండో తీగను రెండుసార్లు మార్చాక ఒకసారి మొత్తం సెట్టు మార్చండి. ఈ పద్ధతిలో ఏడాదికయ్యే ఖర్చు ఒక్క నెల ట్యూషన్ ఫీజుకు మించకపోవచ్చు.

తీగ ఆయుష్షు తగ్గించేది కొబ్బరినూనె. జారుకు వేలు సాఫీగా నడవాలని మనం వేళ్లకు నూనె రాసుకుంటాం, రాసుకోవాలి కూడా. వేలి కొస తడిసీ తడవనంత చాలు. ఎక్కువైతే నూనె చుట్టు సందుల్లోకి దిగి, దుమ్మును పట్టుకుని లోపలే గడ్డకడుతుంది. అది కమాను నడిచే చోటికి పాకిందంటే రోజిన్ పట్టదు, కమాను జారిపోతుంది. వాయించడం అయ్యాక పొడి నూలుగుడ్డతో తీగలు ఒక్కొక్కటే తుడవాలి. రోజిన్ పొడి ఉన్న చోటికి వేరే గుడ్డ. స్పిరిట్ వాడొద్దు, ఒక్క బొట్టు వార్నిష్ మీద పడితే మచ్చ పోదు.

కట్టేటప్పుడు ఒకదాని తర్వాత ఒకటే మార్చండి. నాలుగూ ఒక్కసారి విప్పితే బ్రిడ్జి పడిపోతుంది, పొట్టలో నిలబెట్టిన సౌండ్ పోస్ట్ కూడా ఒరిగిపోవచ్చు. దాన్ని మళ్లీ నిలబెట్టించుకోవడానికి తీగల ఖరీదుకు మించి అవుతుంది. కొత్త తీగ ఎక్కించే ముందు నట్ గాడిలోనూ బ్రిడ్జి గాడిలోనూ మెత్తటి పెన్సిల్‌తో రెండు గీతలు గీస్తే తీగ పట్టుకోకుండా జారుతుంది. చుట్టు చిరగదు. బిగిస్తున్నంతసేపూ బ్రిడ్జి ముందుకు వంగుతుంటుంది, మధ్య మధ్య రెండు చేతులతో నిటారుగా సర్దాలి.

ఇ తీగ కట్టేవాళ్లకు ఇంకొక్క మాట. అన్నిటికంటే చవకది అదే, తటాలున తెగేదీ అదే. కొనేముందు మీ ఫైన్ ట్యూనర్ చూసుకోండి. సన్నటి కొక్కెం ఉంటే చివర ఉచ్చు ఉన్న తీగ కావాలి, చీలిన గాడి ఉంటే చివర గుండు ఉన్నది. దుకాణంలో అడగకపోతే చేతికి వచ్చింది ఇచ్చేస్తారు. తీగతో పాటు చిన్న ప్లాస్టిక్ గొట్టం వస్తుంది, పారెయ్యకండి. బ్రిడ్జి మీద తీగ కోసుకుపోకుండా ఉండేందుకే అది. ఇక ఈ తీగను కొన్నప్పుడల్లా రెండు కొనండి. రెండోది పెట్టెలోనే ఉండాలి, పరీక్ష రోజు పొద్దున్న ఏ దుకాణమూ తెరిచి ఉండదు.