నృత్యమున సమస్యాపూరణము

పద్యరచన నేర్పుటకు మన దేశమున చిరకాలముగా నొక పద్ధతి గలదు. గురువు గణములు చెప్పును, యతిప్రాసలు చెప్పును, పూర్వకవుల పద్యములు కంఠస్థము చేయించును. అంతటితో నూరకుండక, ఒకనాడు కడపటి పాదమొక్కటి యిచ్చి, తక్కిన మూడును నీవు పూరింపుమనును. ఆ సమస్య నందుకొన్ననాడు గాని శిష్యుడు పద్యము చదువువాడో పద్యము చేయువాడో తేటపడదు. నూరు పద్యములు తడుముకొనక అప్పగించినవాడు ఒక్క సమస్యయొద్ద తెల్లబోవుటయు, ఇరువదియైనను సరిగా రానివాడు దానిని చక్కగా పూరించుటయు మేము తరగతిలో పలుమారులు చూచినాము.

నృత్యవిద్యలో నీ సమస్య యిచ్చు దినము వచ్చుచున్నదా? ఈ ప్రశ్న మాకు కలుగుటకు కారణమైన చిన్న సంగతి యొకటి గలదు. కొన్నియేండ్ల క్రిందట మేమున్న పాఠశాలలో తొమ్మిదవ తరగతి బాలిక యొకతె యుండెను. ఆమె యేడేండ్లుగా కూచిపూడి నృత్యము నేర్చుచుండెను. వార్షికోత్సవము సమీపించినది. తరగతిలో నపుడే గజేంద్రమోక్షము చెప్పియుంటిమి గనుక, అందులోని పద్యమొకదానికి రెండు నిమిషములు తనకు తోచినట్లు ఆడగలదా యని యడిగితిమి. "అది మా గురువుగారు చెప్పలేదండీ, మాస్టారూ" అని యామె బదులు చెప్పినది. చెప్పకున్నను నీకు తోచినట్లు చేయుమమ్మా యంటిమి. బాలిక కన్నుల నీరు పెట్టుకొన్నది. ఆ యుత్సవమున నామె తాను నేర్చిన తరంగమును పళ్లెరము అంచుపై నిలిచి నిర్దోషముగా నాడినది. సభ హర్షధ్వానములు చేసినది. మాకు మాత్రము ఆ కన్నీరు మరపు రాలేదు. తప్పు బాలికది కాదు. ఎవరును ఎన్నడును ఆమె కీయని పనిని హఠాత్తుగా నిచ్చిన మాది కొంత తప్పు. ఏడేండ్లలో నొక్కసారియు నట్టి పని యీయని విద్యది మిగిలిన తప్పు.

ఈ విషయమున అన్యదేశస్థులు చేసిన కృషి చూడదగినది. అమెరికాలో లూయీ హోర్స్టు (1884–1964) అను నాతడు నృత్యరచనను ఒక పాఠ్యవిషయముగా నేర్పెను. ఆయన నర్తకుడు కాడు, పియానో వాద్యకారుడు. మార్తా గ్రాహమునకు బహుకాలము సంగీత నిర్దేశకుడుగా నుండెను. 1937లో ఆయన ప్రకటించిన 'ప్రీ క్లాసిక్ డాన్స్ ఫారమ్స్' అను గ్రంథమున ఐరోపా రాజాస్థానముల ప్రాచీన నృత్యములు వివరింపబడినవి. పవాను మందగమనముతో గంభీరముగా సాగునది. గాలియార్డు గంతులతో చురుకుగా నడచునది. శిష్యులు ఆ పాత నృత్యములను మరల ఆడవలెనని యాయన కోరలేదు. ఆ నడకను, ఆ కట్టుబాటును గైకొని క్రొత్త నృత్యము చేసికొని రండనెను. మొదట నొక వస్తువు, పిదప దానికి భిన్నమైన మరియొకటి, మరల మొదటిది: ఈ మూడంకణముల యిల్లు కట్టుట ప్రథమ పాఠము. ఇది సమస్యాపూరణము గాక మరేమి?

డోరిస్ హంఫ్రీ (1895–1958) ఈ విద్యకు గొప్ప గ్రంథము వ్రాసినది. తుంటి వ్యాధిచేత నృత్యము మానవలసివచ్చిన పిదప నామె రచనయందును బోధనయందును మిగిలిన జీవితము గడపినది. 'ది ఆర్ట్ ఆఫ్ మేకింగ్ డాన్సెస్' అను నామె పుస్తకము మరణానంతరము 1959లో వెలువడినది. ఆకృతి, బలతారతమ్యము, లయ, ప్రేరణ యని నృత్యరచనకు నాలుగంగములను ఆమె నిరూపించినది. రంగస్థలముపై మధ్యస్థానమునకు నొక బలమును, మూలలకు వేరొక బలమును గలవని చూపినది. నృత్యములు సాధారణముగా వలసినదానికంటె దీర్ఘములై యుండుననియు, ముగింపును చివరవరకు ఆలోచింపక వదలరాదనియు హెచ్చరించినది. మన వార్షికోత్సవములలో గంటలకొలది కూర్చున్నవా రెవ్వరును ఈ రెండుమాటలను కాదనజాలరు. ప్రతిభను బోధింపలేముగాని పనితనమును బోధింపవచ్చునను ఆమె విశ్వాసము గ్రంథమంతటను కనబడును. ఉపాధ్యాయులమగు మాకది మిక్కిలి ప్రియమైనది.

అయినను ఆ గ్రంథమును యథాతథముగా దిగుమతి చేసికొనుట మాకు సమ్మతము కాదు. ఇరుప్రక్కలు సమముగా నున్న యాకృతి నిర్జీవమని యామె తలంపు. మన యడవులలో కుడివైపు చేసినదానిని ఎడమవైపున చేయుట మూలసూత్రము. ఆ సమత్వము ఒకే క్షణమున కన్నుల యెదుట నిలుచు బొమ్మలోనిది కాదు, కాలములో సాగునది. ఒకవైపు చూచినవాడు రెండవవైపుకై ఎదురుచూచును. ఆ యెదురుచూపు తీరుటలోనే రసము గలదు. మరియొక భేదము. ఆమె శిష్యుడు నిత్యజీవితములోని చేష్టలనుండి తన భాషను తానే వెదకికొనవలెను. మన శిష్యునకు నిఘంటువు ముందే సిద్ధముగా నున్నది. నందికేశ్వరుని అభినయదర్పణము ఇరువదియెనిమిది అసంయుత హస్తములను వినియోగములతో సహా చెప్పుచున్నది. ఈ గ్రంథమును దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారు ఆనంద కుమారస్వామిగారితో కలసి ఆంగ్లీకరింపగా 1917లో అమెరికాలోనే అచ్చుపడినది. కనుక మన శిష్యునకు కొరత మాటలు కాదు, వాక్యము చేయు నలవాటు.

ఆ వాక్యనిర్మాణము మన శాస్త్రమున లేదా? భరతుని నాట్యశాస్త్రము చతుర్థాధ్యాయము తెరచినచో సంశయము తీరును. హస్తపాదముల కలయిక కరణము, అట్టివి 108. రెండు కరణములు కూడిన మాతృక. మూడు కూడిన కలాపకము. ఆరు మొదలు తొమ్మిదివరకు కరణములు కూర్చిన అంగహార మగును. అక్షరము, పదము, వాక్యము అను క్రమము వలెనే యిది స్పష్టము. బృందమునకు సైతము పిండీబంధములు చెప్పబడినవి: గుంపుగా కూడిన పిండి, గొలుసువలె సాగు శృంఖలిక, పెనవేసికొన్న లతాబంధము, విడివడి వేర్వేరుగా నాడు భేద్యకము. కాకతీయ గణపతిదేవుని గజసేనాని జాయప 13వ శతాబ్దమున రచించిన నృత్తరత్నావళి మార్గముతో తృప్తి చెందక, పేరణి, రాసకము, కందుకము మొదలగు దేశి రూపములకును సమానముగా స్థానమిచ్చినది. ఇన్ని రూపములు గల భాషలో పిల్లలచేత రెండు వాక్యములైన వ్రాయింపకుండుట మన సోమరితనము.

సంస్కరణపక్షమువారమగు మనము ఇచ్చట నొక ఋణమును ఒప్పుకొనవలెను. 1890 ప్రాంతముల మదరాసు రాజధానిలో భోగముమేళములకు ప్రతికూలముగా ఉద్యమము లేచినది. వీరేశలింగము పంతులుగారు వానిని తీవ్రముగా ఖండించిరి. 1947లో దేవదాసీ నివారణ చట్టము వచ్చినది. బాలికలను ఆ బంధమున తోయు దురాచారము తొలగుట మేలు; అందు మాకు సందేహము లేదు. కాని ఆ కళావంతుల విద్యలో నొక గొప్ప గుణముండెను. క్షేత్రయ్య పదములోని పల్లవిని మరల మరల పాడుచుండగా, నర్తకి ప్రతి యావృత్తికిని ఒక క్రొత్త యర్థమును, క్రొత్త మనోభావమును అభినయించెడిది. అదియు సమస్యాపూరణమే, సభయెదుట అప్పటికప్పుడు చేయబడునది. దురాచారముతోపాటు ఆ గురువులను కూడ వాకిటినుండి పంపివేసితిమి. నటరాజ రామకృష్ణగారు (1923–2011) మిగిలిన వృద్ధకళాకారిణులను వెదకి, వారి విద్యను ఆంధ్రనాట్యమను పేర మరల వెలికి తెచ్చిరి గనుక సర్వము నశింపలేదు. నృత్యము మన గృహములలోనికి గౌరవముగా ప్రవేశించినది, సంతోషమే. అయితే కల్పన గుమ్మము వెలుపలనే నిలిచిపోయి, అంశములు మాత్రమే లోనికి వచ్చినవి. వేలకొలది నర్తకులు ఒకే తిల్లానాను ఒకేసారి యాడిన మహాసభలను మనము లెక్కపెట్టి గర్వించుచున్నాము. వారిలో నెందరు ఒక చిన్న జతిని స్వయముగా కూర్చగలరో యెవ్వరును లెక్కింపలేదు.

పిల్లలు కల్పించుటకు దొరకొన్నచో సంప్రదాయము చెడునని గురువులు కొందరు భయపడుదురు. భయము నిష్కారణము కాదు. సినిమాపాటలకు తోచినట్లు చేతులాడించుట కల్పనయని చెల్లుబాటగుచున్న దినములివి. కాని సమస్య యనగా స్వేచ్ఛ కాదు, కట్టుబాటు. బాలుడు పూరించిన సమస్యను ఎవరును అచ్చు వేయరు. అది తరగతిలో పుట్టి తరగతిలో దిద్దబడును. ఇంతకును సంప్రదాయమున మనము పూజించువారెవరు? భామాకలాపకర్తయని చెప్పబడు సిద్ధేంద్రయోగి కల్పించినవాడే. కూచిపూడిలో జన్మించి, 1963లో మదరాసున అకాడమీ స్థాపించిన వెంపటి చినసత్యముగారు (1929–2012) యక్షగానపు పునాదిపై క్రొత్త నృత్యనాటకములు కట్టినవారే. సంప్రదాయము కల్పకుల పరంపర.

ఇక నేర్పు విధము. మూడేండ్లు అడవులు నేర్చిన శిష్యునకు మొదట నొక్క యడవునే యిచ్చి, దిక్కు మార్చియో, కాలము మార్చియో, ఎత్తు మార్చియో ఆదితాళమున నాలుగావర్తములు నింపుమనవలెను. క్రొత్త యడవు కూడదు. పిదప మూడడవులతో నొక జతి, చివర తీర్మానము. తీర్మానమునే ముందు కూర్చి, దానికి దారి వెనుకనుండి వేయుట మంచిది. మూడవది, పద్యపాదమొకటి: గజేంద్రుని మొరయే యనుకొందము. దానిని ఏనుగుగా నొకసారి, మొసలిగా నొకసారి, విను దేవుడుగా నొకసారి యభినయించుట. నాలుగవది నలుగురు పిల్లలు కలసి, గొలుసుగా ప్రారంభించి విడివడి మరల కూడుట. ఏదియు రెండు నిమిషములకు మించరాదు. అయిన పిమ్మట గురువు 'బాగున్నది' అనక, 'ఇచ్చట కుడికేల తిరిగితివి?' అని యడుగవలెను. జవాబున్నచో నిలుపవలెను, లేనిచో తీసివేయింపవలెను. తీసివేయుట నేర్చినవాడు సగము రచన నేర్చినట్లే.

తల్లిదండ్రులకును ఒక మనవి. అరంగేట్రమునకు మీరు వస్త్రములకును ఆభరణములకును వాద్యబృందమునకును ధారాళముగా వ్యయము చేయుచున్నారు. ఆ కార్యక్రమమున మీ బిడ్డ స్వయముగా కూర్చిన రెండు నిమిషముల నృత్యమొకటి యుండవలెనని గురువుగారిని వినయముతో కోరుడు. అది తక్కిన వానియంత నునుపుగా నుండదు, కాలు తడబడవచ్చును. అయినను ఆ సాయంకాలమున మీ బిడ్డ తన మాట తాను పలుకునది ఆ రెండు నిమిషములే.

ఆ బాలిక యిప్పుడు పెద్దదై, తానే చిన్నపిల్లలకు నృత్యము చెప్పుచున్నదని విన్నాము. ఆమె శిష్యురాండ్రలో నెవతెనైన ఒక ఉపాధ్యాయుడు పద్యమునకు ఆడుమని కోరునేని, ఆ పిల్ల కన్నీరు పెట్టుకొనక, "ఏ పద్యమండీ?" అని యడుగుగాక.