ఇద్దరు పిరికి రాజకుమారులు

తాడేపల్లిగూడెంలో రేలంగి చిత్రమందిర్ అనే సినిమా హాలు కట్టించింది నటుడు రేలంగి వెంకట్రామయ్యే. మా అమ్మమ్మ ఎవరికి దారి చెప్పినా ఆ హాలు పేరుతోనే మొదలుపెట్టేది. అలా ఆయన పేరు నాకు సినిమాల కన్నా ముందే తెలుసు. తర్వాత ఏలూరులో చదువుకునే రోజుల్లో ఫోన్లో పాత సినిమాలు చూస్తూ, రేలంగి రాగానే ముందుకి జరిపేసేదాన్ని. కథ ఆగిపోయే చోట వచ్చే మనిషి కదా అని.

ఈ సంక్రాంతికి అమ్మమ్మ పక్కన కూర్చుని 'మాయాబజార్' (1957), 'నర్తనశాల' (1963) ఏమీ దాటెయ్యకుండా చూశాను. నేను చేసింది తప్పని ఒప్పుకోడానికే ఇది రాస్తున్నా.

రెండింట్లోనూ ఆయనది పిరికి రాజకుమారుడి వేషమే. కానీ ఒకే పిరికితనం కాదు. లక్ష్మణ కుమారుడికి తను పిరికివాడన్న సంగతే తెలీదు. గారాబంగా పెరిగాడు, ఏడిస్తే అన్నీ దొరికాయి. పెళ్లిపీటల మీద మాయా శశిరేఖ కాలు తొక్కుతుంది. అతను గగ్గోలు పెట్టినా ఎవరూ నమ్మరు. అక్కడ ఆ కేకని కాదు, కేక తర్వాత ముఖాన్ని చూడాలి. జీవితంలో మొదటిసారి ఫిర్యాదు పనిచెయ్యని పిల్లాడి ముఖం అది.

ఉత్తర కుమారుడికి మాత్రం తన సంగతి తనకి బాగా తెలుసు. అంతఃపురం ఆడవాళ్ల ముందు అంత గట్టిగా కోతలు కోసేది అందుకే. కౌరవసేన కంటబడగానే ఆ గొంతు ఎక్కడికి పోతుందో వినండి. మొదటివాడిని చూసి నవ్వుతాం. రెండోవాడిని చూసి నవ్వుతూ కాస్త సిగ్గుపడతాం, ఎందుకంటే ఇంటర్వ్యూ గది బయట మనమూ అంతే.

ఈ తేడా అంతా గొంతులో ఉందనిపిస్తుంది నాకు. రేలంగి తండ్రి హరికథలూ సంగీతమూ నేర్పిన మనిషి. హరికథకుడు పిట్టకథ చెప్పి ఎంత నవ్వించినా అసలు కథ చెయ్యి జారనివ్వడు. 'పాతాళభైరవి', 'మిస్సమ్మ'ల్లో తన పాటలు తనే పాడుకున్న రేలంగిలో ఆ అదుపు వినిపిస్తుంది.

అది ఊరికే రాలేదు. 1935లో సి. పుల్లయ్య 'శ్రీకృష్ణ తులాభారం'తో తెర మీదకొచ్చాడు. తర్వాత ఏళ్ల తరబడి చిన్నాచితకా వేషాలు, తెరవెనక పనులు. 'వింధ్యరాణి', 'గుణసుందరి కథ' వచ్చి పేరు నిలబడేసరికి నలభైకి దగ్గర పడ్డాడు. ఆ తర్వాత ఆయన లేని సినిమా అరుదు. 1970లో పద్మశ్రీ వచ్చింది. 1975లో తాడేపల్లిగూడెంలోనే పోయాడు.

అన్నీ గొప్పగా ఉన్నాయనను. సాంఘిక చిత్రాల్లో గిరిజతో సరసాలు, రమణారెడ్డితో కీచులాటలు చాలాచోట్ల ఒకే అచ్చులో పోసినట్టుంటాయి. అక్కడ లోటు రాతలో ఉంది, ఆయన మాత్రం పూర్తిగానే ఆడాడు.

అమ్మమ్మ పుట్టిల్లు కొల్లేటి లంక. చిన్నప్పుడు సినిమా అంటే దోనెలో కొల్లేరు దాటి, గట్టెక్కి, ఆపైన బస్సు. అంత దూరం వచ్చినవాళ్లకి రేలంగి సీను మధ్యలో వచ్చే విరామం కాదు, టికెట్టుకి సగం ఖరీదు. నేను ఒక్క వేలితో జరిపేసింది దాన్ని.

'నర్తనశాల' అయ్యాక 'మిస్సమ్మ' పెట్టమంది అమ్మమ్మ. పెట్టగానే ఫోను నా చేతిలోంచి తీసేసుకుంది, మళ్లీ ముందుకి జరిపేస్తానని.