కంటి కొలతే కొలత

పెళ్లి పత్రికల నుంచి పుస్తకాల అట్టల దాకా ఇప్పుడు చేత్తో రాసినట్టుండే అక్షరాలకే గిరాకీ. అంచు కావాలని అరగ్గొడుతున్నారు, గీతను పనిగట్టుకుని వణికిస్తున్నారు. కంప్యూటర్ పేజీ మరీ నిర్జీవంగా ఉంటోందన్న బాధ నాకూ ఉంది. కానీ దానికి మందు ఇది కాదు. చేతిపని గొప్పతనం వంకరలో లేదు.

పాశ్చాత్య సంగీతాన్ని అచ్చువేసిన తీరే చూడండి. జర్మనీలోని లైప్‌జిగ్ పనివాళ్లు తగరం, సీసం కలిసిన పలక మీద ఐదు గీతలు గీసి, స్వరాల గుర్తుల్ని ఉక్కు పంచ్‌లతో ఒక్కొక్కటే కొట్టేవారు. అదీ కుడి ఎడమలు తారుమారుగా. తప్పు పడితే పలక తిరగేసి, వెనకనుంచి సుత్తితో కొట్టి, ఆ చోటు చదును చేసి మళ్లీ మొదలుపెట్టాలి. అంత తంటాలు పడింది పేజీ తీరుగా రావాలనే.

మరి ఆ పేజీకి జీవం ఎలా వచ్చింది? స్వరం గుర్తుకు నిలువుగా ఉండే గీతే కాడ. కాడ పైకున్న స్వరం పక్కన కాడ కిందికున్న స్వరం వస్తే రెండు కాడలూ దగ్గరపడి ఇరుకుగా కనిపిస్తాయి. అక్కడ వెంట్రుకవాసి ఎడం పెంచేవారు. రెట్టింపు కాలం నిలిచే స్వరానికి రెట్టింపు చోటు ఇచ్చేవారు కాదు, అంతకు తక్కువే. స్కేలు పెడితే హెచ్చుతగ్గులు తేలతాయి, కంటికి మాత్రం అంతా సమం. 1996లో మొదలైన, సంగీతాన్ని అచ్చుకు సిద్ధంచేసే లిలీపాండ్ సాఫ్ట్‌వేర్ కర్తలు పాత పలకల అచ్చును ఒరవడిగా పెట్టుకుని ఈ లెక్కలే కంప్యూటర్‌కు నేర్పారు.

మన సంగీతం పేజీలోనూ ఊరికే వంకరకు చోటు లేదు. సుబ్బరామ దీక్షితులు 1904లో ఎట్టయపురంలో తెలుగు లిపిలో వెలువరించిన ‘సంగీత సంప్రదాయ ప్రదర్శిని’లో స్వరాన్ని ఊపే, జార్చే గమకాలకు ప్రత్యేకమైన గుర్తులున్నాయి. కంపితానికి అలల గీత, జారుకు ఏటవాలు గీత. అలాంటి పేజీలో గీత ఊరికే వంకరపోతే పాడేవాడు దాన్నీ గమకమే అనుకుంటాడు.

మన తెలుగు పేజీకి కావలసింది కూడా ఈ కంటి కొలతే. ‘స్త్రీ’ కింది ఒత్తులు కింది వరుసలోని గుడికి తగులుతుంటే, ఎంత అందమైన ఫాంటు వాడినా చదువు సాగదు. వరుసల మధ్య ఎడం ఎంతో సాఫ్ట్‌వేర్ చెబుతుంది, చాలిందో లేదో మాత్రం మనిషే చూడాలి.

పుస్తకం వేసేవాళ్లకు నా మనవి ఒక్కటే. అచ్చుకు పంపేముందు ఒక పేజీని కాగితం మీద తీసి, చెయ్యి చాచి పట్టుకుని చూడండి. ఎక్కడ చూపు తట్టుకుంటే అక్కడ సరిచేయండి. అదే అసలైన చేతిపని.